రోల్ తీసేసినా ప్రైవేట్ ఛానల్ కనిపిస్తూనే ఉంటే ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇది. కవిటి మండలంలో కుర్రాళ్లంతా కలిసి కిడ్నీ రోగులను డయాలసిస్‌కి తీసుకెళ్లడానికి బండి, అవసరమైనప్పుడు రక్తదాత చూసిపెడుతున్నారు. మాట్లాడుకోడానికి డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో సర్వర్, అంటే ఛానళ్లుగా విడగొట్టుకునే పెద్ద గ్రూపు, పెట్టుకున్నారు, అందులో 340 మంది ఉన్నారు. 'రోగుల వివరాలు' అని ఒక ప్రైవేట్ ఛానల్ ఉంది, పదిహేను మంది సేవా బృందం కోసం. బృందం నుంచి తప్పుకున్న ఒకతనికి 'సేవా బృందం' రోల్, అంటే ఆ ఛానల్ చూసే అనుమతినిచ్చే గుర్తు, తీసేశారు. వారం తిరిగేసరికి, ఆ ఛానల్లో నిన్న రాసిన సంగతి అతని నోట బయట వినబడింది. రోల్ లేనివాడికి ఛానల్ ఎలా కనబడుతోంది, ఎవరు చూడాలో మన చేతిలో ఉంచుకోవడం ఎలా అని అడిగారు.

ముందు ఒక పని చేయండి. కంప్యూటర్లో ఆ ఛానల్ తెరిచి కుడివైపు సభ్యుల జాబితా చూడండి. అది సర్వర్ మొత్తం జాబితా కాదు. ఆ ఛానల్ చూడగలిగినవాళ్ల పేర్లే అక్కడ ఉంటాయి. మీది చిన్న సర్వర్ కాబట్టి ఆఫ్‌లైన్‌లో ఉన్నవాళ్లు కూడా కింద కనిపిస్తారు. అతని పేరు అక్కడ లేకపోతే సెట్టింగులతో కుస్తీ పట్టకండి. లోపల ఉన్నవాళ్లే ఎవరో చెప్పారు, లేదా స్క్రీన్‌షాట్ పంపారు. దానికి మందు వేరు. పేరు అక్కడ ఉంటే మాత్రం ఏదో తలుపు తెరిచే ఉంది.

అలా తెరిచి ఉండే తలుపుల్లో నేను ఎక్కువసార్లు చూసింది ఇది. ఛానల్ కొత్తగా పెట్టిన రోజుల్లో, ఇంకా రోల్ తయారు చేయకముందు, నలుగురైదుగురిని పేరుపేరునా లోపలికి చేర్చి ఉంటారు. తర్వాత రోల్ చేసి అందరికీ ఇచ్చారు. పాత పేర్లు అలాగే ఉండిపోయాయి. రోల్ తీసేసినా మనిషి పేరు మీద ఇచ్చిన అనుమతి పోదు. ఛానల్ సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ పేజీ తెరవండి. రోల్స్ ఒక వరసలో, మెంబర్స్ ఒక వరసలో కనిపిస్తాయి. ఆ మెంబర్స్ వరసలో అతని పేరు ఉంటే తీసేయండి. అక్కడ ఇంకెవరి పేర్లున్నా తీసేసి, ఉండవలసినవాళ్లకి రోల్ ఇవ్వండి. ప్రైవేట్ ఛానల్లో మనుషుల పేర్లు ఉండకూడదని, రోల్స్ మాత్రమే ఉండాలని నియమం పెట్టుకోండి. పేరు మీద ఇచ్చిన అనుమతి ఎప్పుడిచ్చారో, ఎందుకిచ్చారో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

అక్కడ పేరు లేకపోతే అతనికున్న మిగతా రోల్స్ చూడండి. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. నేనూ ఇక్కడే పొరబడ్డాను.

ఛానల్లో ప్రతి అనుమతికీ మూడు గుర్తులుంటాయి: పచ్చ టిక్కు, ఎర్ర ఇంటూ, మధ్యలో బూడిదరంగు గీత. గీత అంటే 'ఈ ఛానల్ ఏమీ చెప్పడం లేదు, సర్వర్లో ఉన్నదే ఇక్కడా' అని. టిక్కు అంటే ఇచ్చాం, ఇంటూ అంటే కాదన్నాం. ఒక మనిషికి రెండు రోల్స్ ఉండి, ఒకదానికి టిక్కు, ఇంకోదానికి ఇంటూ ఉంటే ఏది నెగ్గుతుంది? కాదన్నదే నెగ్గుతుందని మన మనసు చెబుతుంది. డిస్కార్డ్‌లో టిక్కే నెగ్గుతుంది.

అది లెక్క కట్టే వరస ఇలా ఉంటుంది. ముందు సర్వర్ స్థాయిలో 'ఎవ్రీవన్'కి, అంటే సర్వర్లో ఉన్న అందరికీ, ఉన్నవీ, మనిషికున్న అన్ని రోల్స్‌కి ఉన్నవీ కలిపేస్తుంది. తర్వాత ఛానల్లో ఎవ్రీవన్‌కి పెట్టిన ఇంటూ, టిక్కు వేస్తుంది. ఆ పైన ఆ మనిషి రోల్స్‌కి ఉన్న ఇంటూలన్నీ ఒకేసారి వేసి, వాటి మీద టిక్కులన్నీ ఒకేసారి వేస్తుంది. రోల్ జాబితాలో ఏది పైన, ఏది కింద అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆఖరున మనిషి పేరు మీద ఉన్న ఇంటూ, టిక్కు వేస్తుంది. ప్రైవేట్ ఛానల్ అన్న మీట నొక్కితే జరిగేది కూడా ఇంతే: ఎవ్రీవన్‌కి 'వ్యూ ఛానల్' దగ్గర ఇంటూ పడుతుంది, మీరు చేర్చిన రోల్స్‌కి టిక్కు పడుతుంది. అంతకు మించి ప్రైవేట్ అనే వేరే తాళమేదీ లేదు.

2021లో కరోనా రెండో దెబ్బ తగిలినప్పుడు శ్రీకాకుళంలో మేం కొందరం ఇలాంటి సర్వరే నడిపాం. ఎవరింటికి మందులు కావాలి, ఎవరికి ఆక్సిజన్ అందాలి అన్న చిరునామాలు ఒక ప్రైవేట్ ఛానల్లో ఉండేవి. పని నుంచి కొన్నాళ్లు ఆగినవాళ్ల కోసం 'విరామం' అని రోల్ చేశాను. ఆ ఛానల్లో దానికి ఎర్ర ఇంటూ పెట్టాను. ఇక వాళ్లకి కనబడదని నిశ్చింతగా ఉన్నాను. వాళ్లలో నలుగురికి 'డ్రైవర్' రోల్ కూడా ఉంది, దానికి టిక్కు ఉంది. మూడు వారాలు వాళ్లు అన్నీ చూస్తూనే ఉన్నారు. వాళ్లలో ఒకబ్బాయి మంచి మనసుతోనే, రేషన్ డిపో దగ్గర నలుగురిలో ఒక పెద్దావిడని 'మావయ్యకి ఇప్పుడెలా ఉందమ్మా?' అని అడిగాడు. ఆ ఇంట్లో జబ్బు ఉందని ఊళ్లో ఎవరికీ తెలీదు. ఆవిడ నాకు ఫోన్ చేసి 'మా ఇంటి సంగతి మీ ఫోన్లలోకి ఎలగొచ్చీసినాది బాబూ?' అంది. ఆవిడకి సమాధానం చెప్పలేకపోయాను. తప్పు ఆ అబ్బాయిది కాదు, నాది. ఆ రోజు నుంచి ఎర్ర ఇంటూ మీద ఆధారపడి ఎవరినీ బయట ఉంచలేదు. ఎవరినైనా ఆపాలంటే వాళ్ల చేతిలో ఉన్న రోల్ తీసుకోవాలి. అందుకే 'బ్లాక్', 'మాజీ' లాంటి రోల్స్ చేసి ఇంటూ పెట్టడం వద్దంటాను. అవి పని చేస్తున్నట్టే కనిపిస్తాయి, చేయవు.

మూడోది అడ్మినిస్ట్రేటర్ అనుమతి. అది ఉన్న రోల్ ఏదైనా చేతిలో ఉంటే పైన చెప్పిన లెక్కంతా పక్కకు పోతుంది. ఛానల్లో ఎన్ని ఇంటూలు పెట్టినా, ఆఖరికి మనిషి పేరు మీద పెట్టినా, అడ్మినిస్ట్రేటర్‌కి అన్నీ కనబడతాయి. సర్వర్ ఓనర్‌కీ అంతే. చాలా సర్వర్లలో మొదట్లో మొహమాటానికి పదిమందికి అడ్మిన్ ఇచ్చేస్తారు. మీ సర్వర్లో అది ఓనర్‌కి, ఇంకొక్కరికి మించి ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. మోడరేటర్‌కి కావలసింది మెసేజ్ తీసేయడం, మనిషిని కొంతసేపు ఆపడం, బయటకు పంపడం. ఆ అనుమతులు విడివిడిగా ఉన్నాయి, విడివిడిగానే ఇవ్వండి.

కేటగిరీ సంగతి కూడా ఒకసారి చూడండి. ఛానల్ ఒక కేటగిరీ (కొన్ని ఛానళ్లను కలిపి ఉంచే గుంపు) కింద ఉండి దానితో సింక్ అయి, అంటే దాని అనుమతులనే తీసుకుంటూ, ఉంటే, కేటగిరీలో ఎవరికి టిక్కు ఇచ్చినా ఇక్కడా పడుతుంది. ఛానల్లో విడిగా ఒక్క మార్పు చేస్తే సింక్ తెగిపోతుంది. ఆ తర్వాత కేటగిరీలో ఎంత సరిదిద్దినా ఈ ఛానల్‌కి అందదు. రోగుల ఛానళ్లన్నిటినీ ఒకే కేటగిరీలో పెట్టి, అన్నీ సింక్‌లో ఉంచి, మార్పులేవైనా కేటగిరీ దగ్గరే చేయండి.

ఇప్పటివరకు చెప్పింది ఈ రాత్రికి సరిపోతుంది. కానీ మీ ప్రశ్నలో రెండో సగం, అంటే ఎవరు చూడాలో మన చేతిలో ఉంచుకోవడం, సెట్టింగుల కన్నా పెద్దది. ఈ రోల్ ఎవరు ఇవ్వగలరు?

'మేనేజ్ రోల్స్' అనుమతి ఉన్నవాళ్లు తమకున్న రోల్స్‌లో అన్నిటికన్నా పైనున్న రోల్‌కి కింద ఉన్న ఏ రోల్ అయినా ఎవరికైనా ఇవ్వగలరు, తమకు తాము కూడా ఇచ్చుకోగలరు. అంటే మీ జాబితాలో 'మోడరేటర్' పైన, 'సేవా బృందం' కింద ఉంటే, ఆ అనుమతి ఉన్న ప్రతి మోడరేటర్ చేతిలోనూ రోగుల ఛానల్ తాళం ఉన్నట్టే. ఇందాక టిక్కు, ఇంటూ లెక్కలో రోల్స్ వరస పట్టదన్నాను. ఎవరికి ఏ రోల్ ఇవ్వొచ్చు అన్న దగ్గర మాత్రం వరసే అన్నీ. 'సేవా బృందం' రోల్‌ని పట్టుకుని మోడరేటర్ కన్నా పైకి జరపండి. దానికి సర్వర్ స్థాయి అనుమతులేవీ ఇవ్వకండి. అది వట్టి తాళంచెవిలా ఉండాలి. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది: మోడరేటర్లు తమకన్నా పై రోల్ ఉన్నవాళ్లని బయటకు పంపలేరు. సేవా బృందంలో ఎవరైనా హద్దు దాటితే ఓనరే చూసుకోవాలి. పదిహేను మంది బృందానికి అది మోయలేని బరువేమీ కాదు.

బాట్లకీ, అంటే సర్వర్లో మనిషి బదులు పనులు చేసిపెట్టే ప్రోగ్రాములకీ, ఇదే సూత్రం. రియాక్షన్ నొక్కితే రోల్ ఇచ్చే బాట్ తన రోల్‌కి కింద ఉన్నవే ఇవ్వగలదు. అందుకని దాని రోల్ కూడా సేవా బృందం కిందే ఉండాలి. కొత్తవాళ్లు చేరేటప్పుడు 'మీరు ఏ పనికి వచ్చారు?' అని అడిగే ఆన్‌బోర్డింగ్ ప్రశ్నలు పెట్టుకున్నారేమో చూడండి. అక్కడ 'సేవ చేయడానికి' అన్న జవాబుకి ఈ రోల్ తగిలించి ఉంటే ఎవరికి వాళ్లే తలుపు తీసుకుని వచ్చేస్తారు.

బాట్ల గురించి ఇంకో మాట. చేర్చేటప్పుడు చాలా బాట్లు అడ్మినిస్ట్రేటర్ అడుగుతాయి, మనం చదవకుండా ఒప్పేసుకుంటాం. అలాంటి బాట్ ప్రైవేట్ ఛానల్ కూడా చూస్తుంది. తీసేసిన మెసేజ్‌లను లాగ్ ఛానల్లో మళ్లీ రాసే బాట్ ఉంటే, రోగి పేరు పొరపాటున రాసి వెంటనే తీసేసినా, అది లాగ్ ఛానల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ లాగ్ ఛానల్ మోడరేటర్లందరికీ తెరిచి ఉంటుంది. బాట్ రోల్ నుంచి అడ్మినిస్ట్రేటర్ తీసేస్తే రోగుల కేటగిరీకి బయటే ఉంటుంది. అక్కడ బాట్ అవసరమే లేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. చూసే అనుమతి లేనివాళ్లకి ఛానల్లోని మెసేజ్‌లు వెళ్లవు, అది గట్టిగానే ఉంటుంది. కానీ ఛానల్ పేరు, దాని టాపిక్‌లో రాసిన వాక్యం కూడా అంత గట్టిగా దాగి ఉంటాయని నమ్మకండి. మామూలు యాప్ వాటిని చూపించదు. మార్పులు చేసిన యాప్ వాడేవాడికి అవి కనబడే ప్రమాదం ఉంది. అందుకని రోగి పేరుతోనో, ఊరు పేరుతోనో ఛానల్ పెట్టకండి. టాపిక్‌లో ఫోన్ నంబర్ రాయకండి. 'కేసు 14' చాలు.

ఇక మీరు పెట్టుకున్న పద్ధతి గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఒకే ఛానల్లో అందరు రోగుల వివరాలూ ఉంచడం నాకు నచ్చలేదు. ఇచ్ఛాపురంలో బండి నడిపే అబ్బాయికి వజ్రపుకొత్తూరులో ఉన్న రోగి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) ఎంతో తెలియాల్సిన పని లేదు. మీ ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు మాట ఎంత బరువైందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఫలానా ఇంట్లో ఉందని తెలిస్తే సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మనం సాయం చేయబోయి ఆ ఇంటి ఆడపిల్లకి నష్టం చేయకూడదు.

దీనికి ప్రైవేట్ థ్రెడ్లు, అంటే ఛానల్ లోపలే కొందరితో విడిగా తెరిచే చిన్న సంభాషణలు, బాగా పనికొస్తాయి. బృందమంతా చూసే ఛానల్లో 'మంగళవారం ఉదయం పలాసకి ఒక బండి కావాలి' అన్నంత వరకే రాయండి. ఒప్పుకున్నవాళ్లతో ప్రైవేట్ థ్రెడ్ తెరిచి, పేరు, ఇంటి గుర్తు, ఫోన్ నంబర్ అక్కడ ఇవ్వండి. పిలిచినవాళ్లకీ, 'మేనేజ్ థ్రెడ్స్' అనుమతి ఉన్నవాళ్లకీ తప్ప అది ఇంకెవరికీ కనబడదు. ఆ అనుమతిని ఒకరిద్దరు పెద్దవాళ్ల దగ్గరే ఉంచండి. ఒక జాగ్రత్త అవసరం: థ్రెడ్‌లో ఉన్నవాళ్లెవరైనా ఇంకొకరిని పేరు పెట్టి పిలిస్తే ఆ మనిషి లోపలికి వచ్చేస్తాడు. మాతృ ఛానల్ చూసే అనుమతి ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది గానీ, మీ బృందంలో అందరికీ అది ఉంటుంది కదా. ఇతరులను పిలిచే వీలు థ్రెడ్ సెట్టింగులో ఆపేయొచ్చు, ఆపేయండి. వాడకం లేని థ్రెడ్ గరిష్ఠంగా వారానికి ఆర్కైవ్‌లోకి వెళుతుంది. అలా వెళ్లడం అంటే చెరిగిపోవడం కాదు. పని అయిపోయాక థ్రెడ్‌నే తీసేయాలి. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు ఉంటుంది కాబట్టి ఒకే రోగికి ఒకే థ్రెడ్ నెలల తరబడి నడిపితే మళ్లీ పాత కథే. నెలకొకసారి పాతది తీసేసి కొత్తది తెరవండి.

దాతల జాబితా వేరే సంగతి. మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి ఒకసారి రక్తం ఇవ్వొచ్చు కాబట్టి పాత తేదీలు మీకు నిజంగానే కావాలి. అది ఒకరిద్దరి దగ్గర పుస్తకంలో ఉన్నా చాలు, ఛానల్లో అక్కర్లేదు.

కొత్తగా రోల్ ఇచ్చేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి. 'రీడ్ మెసేజ్ హిస్టరీ' ఉంటే కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు నుంచి ఉన్నదంతా చదవడానికి దొరుకుతుంది. ఈ రోజు చేరిన కుర్రాడికి రెండేళ్ల కిందటి కేసులు తెలియాల్సిన పనేముంది?

మార్పులన్నీ అయ్యాక సర్వర్ సెట్టింగ్స్‌లో రోల్స్ దగ్గరికి వెళ్లి, 'వ్యూ సర్వర్ యాజ్ రోల్' నొక్కి మామూలు సభ్యుడి కళ్లతో ఒకసారి సర్వరంతా తిరగండి. తర్వాత మోడరేటర్ కళ్లతో చూడండి. పేరు మీద ఇచ్చిన అనుమతులు ఇందులో తెలియవు, వాటికి ఛానల్ పర్మిషన్స్ పేజీయే దిక్కు. ఆడిట్ లాగ్‌లో ఎవరు ఎవరికి ఏ రోల్ ఇచ్చారో, ఏ ఛానల్ అనుమతి ఎవరు మార్చారో ఉంటుంది. అది 45 రోజులే నిలుస్తుంది. నెలకొకసారి, ఏదో ఒక ఆదివారం, ఇద్దరు కూర్చుని చూడండి. ఇప్పుడే చూస్తే అతనికి రోల్ మళ్లీ ఎవరైనా ఇచ్చారేమో కూడా తెలుస్తుంది. అయితే ఎవరు ఏ మెసేజ్ చదివారో చెప్పే లాగ్ డిస్కార్డ్‌లో లేదు. అతను ఏమేం చూశాడో ఇక తెలుసుకోలేరు. ఆ ఛానల్లో ఆ వారం రాసినవన్నీ చూశాడనే అనుకుని నడవాలి.

వాలంటీర్ తప్పుకున్న రోజున చేయవలసింది నేను ఒక చీటీ మీద రాసిపెట్టుకున్నాను: రోల్ తీయడం, థ్రెడ్లలోంచి తీయడం, పర్మిషన్స్ పేజీలో పేరు వెతకడం, అతను తయారుచేసిన వెబ్‌హుక్‌లు ఉంటే తొలగించడం. వెబ్‌హుక్ చిరునామా చేతిలో ఉంటే లాగిన్ లేకుండానే ఆ ఛానల్లో రాయొచ్చు. చదవలేరు గానీ రాయగలరు, ఆపదలో తప్పుడు సమాచారం రావడానికి అది చాలు. ఈ చీటీ పనులన్నీ అదే రోజు జరగాలి, మనస్పర్థతో వెళ్లినా, ఉద్యోగం వచ్చి చెన్నైకో గల్ఫ్‌కో వెళ్లినా. మంచిగా వెళ్లినవాడి రోల్ తీయడానికి మనకి చేతులు రావు. 'ఎప్పుడైనా సాయం చేస్తాడులే' అనుకుంటాం. వచ్చినప్పుడు మళ్లీ ఇవ్వడానికి ఒక్క నిమిషం పట్టదు. ఇది చేరేటప్పుడే అందరికీ చెప్పేస్తే తర్వాత ఎవరూ నొచ్చుకోరు.

ఫోన్ల మాట కూడా చెప్పాలి. మన ఊళ్లలో ఫోన్ ఒక్కరిది కాదు, ఇంటిది. తమ్ముడు గేమ్ ఆడతాడు, అక్క వీడియో చూస్తుంది. తాళం వేసిన తెర మీద కూడా నోటిఫికేషన్‌లో రోగి పేరు మెరుస్తుంది. బృందంలో అందరినీ డిస్కార్డ్ నోటిఫికేషన్‌లో మెసేజ్ కనబడకుండా ఫోన్లో మార్చుకోమనండి. యాప్ సెట్టింగ్స్‌లో డివైసెస్ దగ్గర ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి, నెట్ సెంటర్లోనో స్నేహితుడి లాప్‌టాప్‌లోనో వదిలేసినవాటిని లాగవుట్ చేయమనండి. రెండంచెల లాగిన్ లేనివాళ్లు మోడరేటర్ పనులు చేయకుండా సర్వర్లోనే నిబంధన పెట్టొచ్చు, అది పెట్టండి.

ఒక్క సంగతి మీరు రాయలేదు: ఆ సర్వర్ ఓనర్ ఎవరు? మొదట సర్వర్ పెట్టిన కుర్రాడు ఇప్పుడు బృందంలో లేకపోతే, లేదా తప్పుకున్న అతనే ఆ ఓనర్ అయితే, పైన రాసినవేవీ పనికిరావు. ఓనర్‌కి ఏ తాళమూ అడ్డు కాదు, ఓనర్‌షిప్ మార్చగలిగేదీ ఆయనొక్కడే. అలా అయితే గొడవ పడకుండా ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని, ఓనర్‌షిప్ మీ పేరుకి మార్పించుకోండి. ఒప్పుకోకపోతే కొత్త సర్వర్ తెరిచి, పాతదాంట్లో రోగుల మెసేజ్‌లు మీరు రాసినవి మీరు, వాళ్లు రాసినవి వాళ్లు తీసేయండి.

ఆ వారం వివరాలు బయటపడ్డ ఇంటికి మాత్రం ఫోన్ చేసి ఊరుకోకండి. ఇద్దరు వెళ్లండి. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఇక మీదట వాళ్ల వివరాలు ఎవరెవరికి తెలియొచ్చో వాళ్లనే అడిగి రండి. ఆ థ్రెడ్‌లో ఎవరుండాలో వాళ్లు చెప్పిన పేర్లే ఉంచండి.